ఈ నెల ఏం కొన్నారు?

పాత రికార్డులు, క్యాసెట్లు, సీడీల మీద పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి జవాబులు

పోయిన సంచికలో ‘ఈ మధ్య మీరు కొన్న శాస్త్రీయ సంగీతం రికార్డుల గురించి రాయండి’ అని అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మంది అట్టల ఫొటోలు పంపారు గానీ, లోపలున్నది విన్నారో లేదో రాయలేదు. నేను డాబాగార్డెన్స్‌లో రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసి బతికినవాణ్ణి. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మరమ్మతుకొచ్చిన పెట్టెల్లో విని విని పట్టుబడింది. అందుచేత రాగలక్షణాలు అడిగిన ఉత్తరాలు తెలిసినవాళ్ళకి పంపించేసి, వస్తువు గురించీ వినడం గురించీ అడిగినవి నా దగ్గర ఉంచుకున్నాను.

మాస్టారూ, కంచరపాలెంలో పాత ఇనపసామాన్ల కొట్లో గోనెసంచి నిండా గ్రామఫోన్ ప్లేట్లు తూకానికి దొరికాయి. ఎక్కువ నాటకం పద్యాలే. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ మాత్రం ఒకటుంది. కొత్తగా కొన్న సూట్‌కేసు ప్లేయర్ మీద వేస్తే గరగర తప్ప ఏమీ రావట్లేదు. స్పిరిట్‌తో తుడిస్తే బాగుపడుతుందా?
– పెందుర్తి పాఠకుడు

ముందు ఆ స్పిరిట్ సీసాకి మూత పెట్టేయండి. పాత 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు చెక్కకి పూసే పాలిష్ కలిపేది అలాగే కదా. తుడిచిన చోటల్లా గాడి చెరిగిపోతుంది, వయొలిన్ కూడా దాంతోపాటే పోతుంది. మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే దుమ్ము దులపండి. మరీ జిడ్డుగా ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క సబ్బునీళ్ళు కలిపి, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్ది నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది.

అయినా మీ గరగరకి అసలు కారణం దుమ్ము కాదు, ముల్లు. మీ ప్లేయర్‌కి వచ్చింది ఎల్పీ ముల్లు, అంటే తర్వాతి రోజుల ప్లాస్టిక్ రికార్డులది. 78 గాడి దానికంటే చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు కొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78కి కావలసింది 75 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండాలి. సన్న ముల్లు గాడి అడుక్కి దిగి అక్కడి మట్టిలో దొర్లుతూ పోతుంది. పాట ఉన్నది అడుగున కాదు, రెండు పక్కల గోడల్లో. 78 ముల్లు విడిగా దొరుకుతుంది. మీ కార్ట్‌రిడ్జి (ముల్లు బిగించే ముక్క) నంబరు చూసి దానికి సరిపడేది తెప్పించుకోండి. ఆ ముల్లు ఉంచి మర్చిపోయి ఎల్పీ వేశారో, ఆ ఎల్పీ పని అయిపోయినట్టే. మీ తాతల నాటి తాళంచెవి గ్రామఫోన్ ఉంటే సంగతి వేరు. దాని ఉక్కు ముల్లు పక్కకొకటి చొప్పున మార్చాల్సిందే.

ఇంకో మాట. 78 అన్నంత మాత్రాన ప్రతి ప్లేటూ సరిగ్గా 78 చుట్లకే రికార్డు చేసింది కాదు. మరీ పాతవాటిల్లో వేగం కంపెనీకొక తీరు. నూటికి ఆరు వంతులు తేడా వస్తే శ్రుతి ఒక అర్ధస్వరం లేచిపోతుంది. గాత్రమైతే గొంతు పిల్లకాయ గొంతులా మారి దొంగ దొరికిపోతుంది. వయొలిన్ అయితే పట్టుకోవడం కష్టం, గమకం హడావుడిగా అనిపిస్తే అనుమానించండి.

ఇక ద్వారం వారి సంగతి. పుట్టింది బెంగళూరులో (1893), పెరిగింది మన విశాఖలో, పాఠం చెప్పింది విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. పది అంగుళాల ప్లేటుకి ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు. గంటసేపు రాగం సాగదీయగలిగిన మనిషి ఆ మూడు నిమిషాల్లో ఏం వదిలేశాడు, ఏం ఉంచాడు అన్నది చెవిపెట్టి వినండి. నాకు ఆ ప్లేట్లలో అన్నిటికంటే నచ్చేది అదే. నాటకం పద్యాలు కూడా పారేయకండి. అవి పాడినవాళ్ళలో రాగాలు బాగా ఎరిగినవాళ్ళు చాలామంది. ఒకవేళ మరీ తొలినాటి ప్లేటు దొరికితే చివరిదాకా వినండి. గాయకులు ఆఖర్న తమ పేరు తామే చెప్పుకునేవారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి చివర ఇంగ్లిషులో పేరు చెప్పింది ఇందుకే. మైనపు అచ్చులు జర్మనీ వెళ్ళేవి, అక్కడి పనివాళ్ళకి ఏది ఎవరిదో తెలియొద్దూ!

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ఎల్పీ, ఈమధ్యే కొత్తగా అచ్చేసింది, కొన్నానండి. ధర చెబితే మీరూ తిడతారు. ‘ఫోన్లో ఊరికే వస్తంటే దీనికి డబ్బులేటి’ అని మా ఆయన రోజూ దెప్పుడు. పాతది కొనుండాల్సిందా?
– గాజువాక పాఠకురాలు

మీ ఆయన గారికి నేను జవాబు చెప్పలేనమ్మా. మా ఇంట్లోనే ఆ కేసు ఇంకా తేలలేదు.

పాతదా కొత్తదా అంటారా, కొత్తదాంట్లో గీతలుండవు, అంతే గ్యారంటీ. దాన్ని అసలు టేపు నుంచి చెక్కారా, కంప్యూటర్ ఫైలు నుంచి చెక్కారా అన్నది అట్ట వెనక చూడండి. అసలు టేపు నుంచే అయితే ఆ ముక్క పెద్ద అక్షరాలతో వేసుకుంటారు. ఏమీ రాయలేదంటే ఫైలు నుంచేనని నేను అనుకుంటాను. అది నేరమేమీ కాదు గానీ, ఆ ధర పెట్టేముందు తెలిసుండాలి. పాతది కొనేటప్పుడు రికార్డుని దీపం కింద ఏటవాలుగా పట్టుకోండి. నల్లగా నిగనిగలాడితే మంచిది. బూడిదరంగు తేలితే బరువైన ముల్లుతో అరగదీసేశారని లెక్క, ఎంత కడిగినా పోదు. గీత మీద గోరు ఆడించి చూడండి. గోరు తట్టుకుందంటే పాట అక్కడ ఎగిరిపోతుంది.

హెచ్.ఎం.వి. ఎల్పీల నంబరు ముందు ‘ఈసీఎల్‌పీ’ అనుంటే మోనో (శబ్దమంతా ఒకటే), ‘ఈసీఎస్‌డీ’ అనుంటే స్టీరియో (కుడి ఎడమలు విడివిడిగా). స్టీరియో అని వ్యాపారులు రేటు పెంచుతారు. కర్ణాటక గాత్రానికి దాని కోసం రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మంచి మోనో రికార్డులో గొంతు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

నాన్నగారు పోయాక బీరువా కింద రెండు ట్రంకుపెట్టెల క్యాసెట్లు బయటపడ్డాయి. అన్నీ రేడియోలోంచి ఎక్కించినవే. వాటి మీద ‘వోలేటి 2’, ‘నేదునూరి – బాగుంది’, ‘పారేయకు’ అని మాత్రం రాసుంది. కొన్నిటికి తెల్లగా బూజు పట్టింది. వీటిని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించుకోవాలి?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

‘పారేయకు’ అన్నదాంతో మొదలుపెట్టండి. మీ నాన్నగారు మిగతావాటి మీద ఆ మాట రాయలేదు చూశారా.

ఈ ఉత్తరానికి నేను చోటు కాస్త ఎక్కువ తీసుకుంటాను, సంపాదకులు ఏమీ అనుకోకూడదు. వోలేటి వెంకటేశ్వర్లు గారు (1928–1989) కర్ణాటక సంగీత గాయకులు, విజయవాడ రేడియోలో పనిచేశారు. కంపెనీలు అమ్మిన రికార్డులు ఆయనవి బహు తక్కువ. ఈ రోజు మనం వింటున్న వోలేటిలో చాలాభాగం మీ నాన్నగారిలాంటివాళ్ళు రేడియో పక్కన కూర్చుని ఎక్కించుకున్నదే. వోలేటి గారూ, విశాఖలోనే స్థిరపడి 2014లో ఇక్కడే కన్నుమూసిన నేదునూరి కృష్ణమూర్తి గారూ, ఇద్దరూ శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు. మీ పెట్టెలో ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. కాబట్టి తొందరపడొద్దు.

బూజు పట్టినవి విడిగా తీసి పెట్టండి. ఒక్క బూజు క్యాసెట్ వేస్తే అది హెడ్డుకి (టేపు రాసుకుంటూ పోయే భాగానికి) అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. వాటిని శుభ్రం చేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. తర్వాత ప్రతి క్యాసెట్‌నీ ముందువైపు నుంచి చూడండి. టేపు వెనకాల సన్నటి రాగి రేకు మీద చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. జిగురు ఎండిపోయి అది రాలిపోయి ఉంటే ఆ క్యాసెట్ పెట్టినా గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తుంది. అప్పుడు డొల్ల విప్పి టేపుని మంచి డొల్లలోకి మార్చడమే. మూలల్లో స్క్రూలున్నవి సులువు. అతికించేసిన డొల్లలు బ్లేడుతో విడదీయాలి, చేయి తిరిగినవాళ్ళకి ఇవ్వండి. ఏళ్ళ తరబడి కదలని టేపు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పెన్సిలు పెట్టి నాలుగు చుట్లు తిప్పి కదిలించాకే మెషీన్లో పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి చుట్టించండి. 120 నిమిషాల క్యాసెట్లు ఉంటే వాటిని అటూ ఇటూ పరుగెత్తించకండి. ఆ టేపు మరీ పలచన.

డెక్కు మంచిది సంపాదించండి. దాని హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి (పెందుర్తి వారూ, స్పిరిట్ పనికొచ్చేది ఇక్కడ). హెడ్డు పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. మీ నాన్నగారి టేప్‌రికార్డర్‌లో హెడ్డు ఏ వాలులో ఉండేదో ఈ డెక్కులో అదే వాలులో ఉండదు. ఆ తేడా వల్లే పాత క్యాసెట్లు కంబళి కప్పుకున్నట్టు వినిపిస్తాయి, జనం టేపు పాడైందనుకుంటారు. అనౌన్సర్ మాట్లాడేచోట పెట్టి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ ‘స’, ‘శ’ అక్షరాలు వినండి. ఒక చోట అవి టక్కున తేటపడతాయి. అక్కడ ఆపేయండి. తర్వాత తంబూరా వినండి, తీగ మీటిన చప్పుడు కూడా తెలుస్తుంది. నా మొత్తం వృత్తిలో అంతకంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. డాల్బీ (టేపు హోరు తగ్గించే) బొత్తాం ఆపి ఉంచండి, రేడియోలోంచి ఎక్కించినవాటికి అది అక్కర్లేదు.

కంప్యూటర్‌లోకి వేవ్ ఫైలుగా, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టి ఎక్కించండి. ఇంకా ఎక్కువ పెట్టినా నష్టం లేదు గానీ, మీడియం వేవ్ రేడియోలో సన్నని పైశబ్దాలు ఎలాగూ అంతగా రావు. ఎంపీ3 ఫోన్లో వినడానికి చేసుకోండి, అసలు మాత్రం వేవ్‌లోనే ఉండాలి. ‘శబ్దం తగ్గించే’ సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. ఆ హోరుతో పాటు తంబూరానీ, మృదంగం మీద వేలి చప్పుడునీ తినేస్తాయి. తప్పదనుకుంటే కాపీ మీద చేసుకోండి.

శ్రుతి సంగతి ఇక్కడా ఉంది. ఎక్కించేటప్పుడు బ్యాటరీలు నీరసించి టేప్‌రికార్డర్ నెమ్మదిగా తిరిగి ఉంటే, ఇప్పుడు సరైన డెక్కులో అదే పాట వేగంగా, ఎత్తు శ్రుతిలో వస్తుంది. వెనకాల కరెంటు గుంయ్‌మనే రొద ఎక్కి ఉంటే అదే మీకు కొలబద్ద. మన కరెంటుది 50 హెర్ట్జ్. అది సరిపోయేలా వేగం సర్దితే శ్రుతి దానంతటదే కుదురుతుంది. బ్యాటరీ సెట్టయితే ఆ రొద ఉండదు, అదే గాయకుడిది ఇంకో కచేరీ పెట్టి శ్రుతి పోల్చి చూడండి.

ఆఖరిది, అందరూ చేసే పాడు పని: అనౌన్స్‌మెంట్లు కత్తిరించేయడం. ఏ కేంద్రం, పక్కవాద్యం ఎవరు, ఏ రాగం, ఏ కార్యక్రమం, అన్నీ అందులోనే ఉంటాయి. శనివారం రాత్రి జాతీయ కార్యక్రమం తర్వాత నాలుగు ముక్కలు వార్తలు ఎక్కి ఉంటే తేదీ కూడా తేలిపోతుంది. మీ నాన్నగారు దగ్గిన దగ్గు పడి ఉంటే అదీ ఉంచండి.

లాసన్స్ బే కాలనీలో ఉంటాం. సముద్రపు గాలికి ఎల్పీల అట్టలు బూజెక్కుతున్నాయి. బీరువాలో కలరా ఉండలు వేశాను. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

కలరా ఉండలు ఇవాళే తీసేయండి. వాటి ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. స్నానాలగది గోడకి ఆనుకుని ఉన్న బీరువా అయితే దాన్నీ జరపండి. రికార్డులు పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. వానలు తెరిపిచ్చిన రోజున తలుపులు తీసి ఫ్యాను వేయండి. 2014 హుద్‌హుద్‌లో తడిసిన సంచులు నా దగ్గరికి చాలానే వచ్చాయి. అట్టలు పేస్టులా అయిపోయాయి గానీ, ఎల్పీలు మంచినీళ్ళతో కడిగితే పాడాయి. రెండూ బతకాలంటే రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కవరుతో సహా అట్ట వెనక పెట్టుకోండి.

ఎక్కడో బెంగళూరు ప్రయాణంలో బీథోవెన్ సింఫనీల పాత ఎల్పీ పెట్టె కొన్నాను. మా కర్ణాటక సంగీతం మిత్రులు ‘ఒక్క తంబూరా లేదు, అంతమంది ఒకేసారి ఏం వాయిస్తార్రా’ అని నవ్వుతున్నారు. మీరు వింటారా?
– వైద్య విద్యార్థి, మహారాణిపేట

వింటాను. మరమ్మతు అయిన స్పీకర్‌కి పరీక్ష పెట్టాలంటే ఆ సంగీతాన్ని మించింది లేదు. మీరు మాత్రం ఉత్తరంలో అసలు సంగతి రాయలేదు. ఎవరు నడిపించింది? ఏ వాద్యబృందం? ఏ సంవత్సరం? వాద్యబృందాన్ని నడిపించే కరాయన్ అనే ఒక్క ఆయనే ఆ తొమ్మిది సింఫనీలనీ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో 1960లలో ఒకసారి, 70లలో ఒకసారి, 80లలో మరోసారి రికార్డు చేశాడు. అంతకు ముందు లండన్‌లో ఇంకో బృందంతోనూ చేశాడు. మూడోసారి వాయించినది మొదటిదానిలా ఉండదు. మనవాళ్ళకి ‘త్యాగరాజ కీర్తన కొన్నాను’ అని చెబితే ఎవరు పాడిందని అడగరూ? మీ మిత్రులకి ఆరో సింఫనీలో రెండో భాగం వేసి వినిపించండి. నవ్వడం ఆపుతారో లేదో వచ్చే నెల రాయండి.

పనికిరాని 78 ప్లేట్లకి రంగులేసి గోడ గడియారాలు చేస్తే తప్పా?
– అనకాపల్లి

రెండుగా విరిగిన ప్లేటైతే తప్పులేదు. మిగతాది మీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను. చేసేముందు లేబుల్ చదివి నాకొక పోస్టుకార్డు రాయండి.

మేం కొంతమందిమి నెలకోసారి కలిసి కొత్తగా కొన్నవి చూపించుకుంటున్నాం. రెండు గంటలూ ధరల మాటలతోనే సరిపోతోంది. పైగా ఒకాయన తన రికార్డులన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేస్తానంటున్నారు. పెట్టొచ్చా?
– సీతమ్మధార పాఠకుడు

రెండో ప్రశ్నకి ముందు జవాబు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డుకి హక్కు అది విడుదలైన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. 1960లో విడుదలైన రికార్డుకి హక్కు 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఇది శబ్దానికి. పాట రాసినవారి హక్కు వేరు, అది వారు పోయాక 60 ఏళ్ళు. త్యాగరాజస్వామితో ఆ చిక్కు లేదు గానీ, నిన్నమొన్నటి వాగ్గేయకారులతో ఉంటుంది. రేడియోలోంచి ఎక్కించినవి ఇంకో పేచీ. ప్రసారకర్తకి 25 ఏళ్ళు, కళాకారులకి 50 ఏళ్ళు విడివిడిగా హక్కులున్నాయి. కాబట్టి ఆయన్ని సంవత్సరం తేలిన పాత 78లతో మొదలుపెట్టమనండి. నలుగురూ కూర్చుని ఇంట్లో వింటే ఎవరూ అడగరు.

ఇక ధరల మాటలు. మా వరండాలో ఒక పద్ధతి పెట్టుకున్నాం, కావాలంటే వాడుకోండి. తెచ్చినవాళ్ళు అట్ట చూపించకూడదు, పేరు చెప్పకూడదు. ఒక పక్క మాత్రం వేయాలి. అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత ఎవరో, ఏమిటో చెప్పాలి. అట్టా, ధరా ఆఖర్న. ఒకసారి ఓ గాత్ర కచేరీ వేస్తే పాడింది ఎవరో ఎవరికీ అంతుపట్టలేదు. పోర్టులో పనిచేసి రిటైరైన ఒకాయన మాత్రం తొడ మీద తాళం వేసుకుంటూ, మృదంగం మీద మొదటి ముక్తాయింపు (ముగింపు దరువు) పడగానే మాట్లాడకూడదన్న నియమం మర్చిపోయి ‘పాల్ఘాట్ మణి అయ్యరే!’ అని అరిచారు. అట్ట తిప్పి చూస్తే మృదంగం ఆయనదే. ఆ రోజు ధర ఎంతని అడగడం ఎవరికీ గుర్తురాలేదు.

అందరినీ అడుగుతున్నారు, ఇంతకీ మీరేం కొన్నారు మాస్టారూ?
– ఎంతోమంది

పూర్ణామార్కెట్ దగ్గర పాతసామాన్ల అంగట్లో చిట్టిబాబు గారి వీణ ఎల్పీ అట్ట కనపడితే బేరమాడి తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే లోపల షేక్ చినమౌలానా గారి నాదస్వరం. అట్ట మీద చెరిగిపోయిన రబ్బరు ముద్ర, ఎవరిదో మైకుసెట్టు దుకాణానిది. రికార్డుని దీపం కింద వాల్చి చూస్తే ఒక పక్క మొదటి పాట గాడులు పూర్తిగా బూడిదరంగు తేలి ఉన్నాయి, మిగతావన్నీ నల్లగా నిగనిగ. ఎన్ని పెళ్ళిళ్ళలో ఆ ఒక్కటే వేసుంటారో! అరిగిన పాట దాటేసి రెండోదాని నుంచి వింటున్నాను, నిక్షేపంలా ఉంది. ఆ మైకుసెట్టు వాళ్ళ రికార్డులు మీలో ఇంకెవరికైనా దొరికి, నాదస్వరం అట్టలో వీణ బయటపడితే పత్రిక చిరునామాకి రాయండి. అట్టలు మార్చుకుందాం. రికార్డు ముందు వినిపించాలి సుమండీ.